పక్షవాతం వచ్చినోళ్ళని ఇంట్లో నడిపించడం ఎలాగ

నరసన్నపేట, ఆమదాలవలస వైపు ఇళ్ళకెళ్ళి ఫిజియో చేయిస్తుంటాను, చాలా ఇళ్ళల్లో ఒకటే వరస, నాన్నగారిని మంచం మీద పడుకోబెట్టి ఇద్దరు కూర్చుని తైలం రాస్తుంటారు, లేపాల్సొస్తే చెరో చంక కింద చెయ్యేసి ఎత్తీస్తారు. మర్దనా వద్దని కాదు, హాయిగానే ఉంటాది, కానీ దాని వల్ల నడక రాదండి. మెదడు మళ్ళీ నేర్చుకోవాలంటే బలం లేని కాలి మీద ఆ మనిషే బరువెయ్యాలి, రోజూ, చాలాసార్లు. డాక్టరుగారు లేవొచ్చు అన్నాకే మొదలెట్టండి, ఒక్కసారైనా ఫిజియోకి చూపించి మీ మనిషికి ఏవి చేయించొచ్చో అడగండి.

ముందు మీ చేతులు సరిచేసుకోండి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగారంటే భుజం కీలు జారిపోద్ది, తర్వాత ఆ నొప్పితో మనిషి ఏ ఎక్సర్‌సైజూ చెయ్యనివ్వడు. నడుముకి గట్టి తువ్వాలు బిగించి కట్టి, బలం లేని వైపు కాస్త వెనగ్గా నిలబడి ఆ తువ్వాలు పట్టుకోండి. తూలితే ఆపడానికే మీరు, మొయ్యడానికి కాదు.

అన్నిటికంటే ముఖ్యం కుర్చీలోంచి లేవడం. మనిళ్ళల్లో ప్లాస్టిక్ కుర్చీలే కదా, టైల్సు మీద వెనక్కి జారిపోతాయి, గోడకి ఆనించి పెట్టండి. అంచుకి జరిగి కూర్చోవాలి, మడమలు మోకాళ్ళ కంటే కొంచెం వెనక్కి ఉండాలి, ముక్కు కాలివేళ్ళు దాటేంత ముందుకి వంగి అప్పుడు లేవాలి. వంగకుండా నిటారుగా లేవబోతారు, వెనక్కి పడిపోయేది అందుకే. ఇంకోటేటంటే అందరూ బరువంతా మంచి కాలి మీదే వేసీసి లేచిపోతారు, బయటికి బాగా లేచినట్టే కనిపిస్తాది. కాస్త అలవాటయ్యాక మంచి కాలిని ఒక అడుగు ముందుకి పెట్టించండి, అప్పుడు వెనకున్న కాలు పని చెయ్యక తప్పదు. కూర్చునేటప్పుడు కూడా దబ్బున పడకుండా మెల్లగా. అయిదేసి సార్లు చేసి ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ చేయించండి.

బేలన్స్‌కి వంటింటి గట్టు బాగుంటాది. గట్టు పట్టుకుని బరువు ఆ కాలికీ ఈ కాలికీ మార్చడం, పక్కకి అడుగులు, మంచి కాలు చిన్న పీట మీద పెట్టి తియ్యడం. వెనక కుర్చీ ఉంచండి.

చేతికర్ర మంచి చేతిలో ఉండాలి, ఎత్తు మణికట్టు దగ్గరికి. ముందు కర్ర, తర్వాత బలం లేని కాలు, తర్వాత మంచి కాలు. అరుగు మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలం లేని కాలు ముందు. పాదం కిందకి వేలాడి గడపకి తగులుతుంటే ఫిజియోని అడిగి స్ప్లింట్, అంటే పాదాన్ని వేలాడకుండా పట్టి ఉంచే పట్టీ, వేయించండి. హవాయి చెప్పులు మాత్రం తీసీండి, వేళ్ళకి పట్టు లేకపోతే చెప్పు ఊడి పాదం కింద అడ్డంగా వచ్చినా వాళ్ళకి తెలీదు, వెనక పట్టీ ఉన్న సేండిల్ కొనండి.

పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు అయితే వేరే తిప్పలు. గడప దగ్గరకొచ్చి పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతారు, వెనకాల నుంచి "నడు నడు" అని తోసీకండి, పడిపోతారు. ఆగి, నిటారుగా నిలబడి, బరువు అటూ ఇటూ ఊపి, పెద్ద అడుగు వెయ్యమనండి. నేల మీద అడుగుకొకటి చొప్పున అడ్డగీతలు, ముగ్గుపిండితోనో రంగు టేపుతోనో గీస్తే వాటిని దాటుకుంటూ చాలామంది చక్కగా నడిచీస్తారు, ఒకటీ రెండూ అని లెక్కపెట్టినా పని చేస్తాది. తిరిగేటప్పుడు ఉన్నచోటే గిర్రున తిరక్కుండా చుట్టూ నడిచి తిరగాలి. మాత్ర పని చేస్తున్న టైంలోనే చేయించండి, నడుస్తున్నప్పుడు కబుర్లు వద్దు.

షుగరు వల్ల పాదాలు మొద్దుబారినోళ్ళు కళ్ళని నమ్ముకునే నడుస్తారు, చీకట్లో తూలేది అందుకే, పెరట్లో బాత్రూం దాకా రాత్రంతా లైటు వెలగనివ్వండి. మంచం మీంచి లేవగానే కళ్ళు తిరిగేవాళ్ళు రెండు నిమిషాలు కూర్చుని అప్పుడు నిలబడాలి.

నెలకోసారి చూసుకోండి, కుర్చీలోంచి లేచి మామూలు నడకతో 3 మీటర్లు వెళ్ళి తిరిగొచ్చి కూర్చోడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్లో టైం పెట్టి. 12 సెకన్లు, ఆ పైన పడితే పడిపోయే ప్రమాదం ఎక్కువే, పక్కన మనిషి ఉండాల్సిందే. విజయనగరం వాళ్ళు సిరిమాను జాతరకి నడిపించి తీసుకెళ్తాం అంటారు, ఆ ఆశ మంచిదే గానీ ఆ తోపులాటలో కాదు, ఎవరి డాబా మీదనుంచో చూపించండి.

పడిపోతే వెంటనే ఎత్తీకండి. నొప్పి ఎక్కడో అడగండి, కాలు వంకరగా ఉందేమో చూడండి. ఏమీ లేకపోతే పక్కకి తిప్పి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ముందు కుర్చీ పెట్టి, మంచి పాదం ముందుకి వేయించి లేపండి. తల తగిలి, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మాత్రం బాగానే ఉన్నాను అన్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. నడిపిస్తుండగా మూతి వంకర పోయినా, మాట తడబడినా, కొత్తగా చెయ్యి జారిపోయినా 108కి ఫోన్ చెయ్యండి, టైం ఎంతయిందో రాసి పెట్టండి, డాక్టరు మొదట అడిగేది అదే.