అతుకుల పాత కారు చేతికొచ్చిందా? స్పానర్ పట్టే ముందు చూసుకోవాల్సినవి

నాలుగైదు బండ్ల ముక్కలు కలిపి నిలబెట్టిన పాత కారు ఇంటికి రాగానే ఎవరికైనా ముందు కడగాలనిపిస్తుంది. కాస్త ఆగండి. బోల్టుల చుట్టూ మురికి, తలుపు లోపల దాగిన పాత రంగు, ఎవరో చాక్‌పీసుతో రాసిన అంకెలు, ఒకదానికొకటి పొంతన లేని రివెట్లు, ఇవన్నీ ఏ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే సాక్ష్యాలు. ప్రెషర్ వాషర్‌తో ఒక్క పూటలో పోగొట్టుకుంటే మళ్లీ దొరకవు.

ఉన్నది ఉన్నట్టుగా ముందు ఫొటోలు తీయండి. పక్కన స్కేలు పెట్టి, టార్చిని ఎదురుగా కాకుండా ఓరగా వేస్తే పైకి కనపడని అంకెలు కూడా నీడతో లేచి కనిపిస్తాయి. నంబర్ ఉన్న చోట గ్రైండర్, వైర్ బ్రష్, ఎమెరీ పేపర్ ముట్టుకోవద్దు. మెత్తటి గుడ్డ, కాస్త కిరోసిన్ చాలు. అంకె సరిగ్గా కనపడట్లేదని పంచ్‌తో మళ్లీ కొట్టారంటే, మీ ఉద్దేశం ఎంత మంచిదైనా తర్వాత చూసేవాడికి అది దొంగ నంబర్ లాగే కనిపిస్తుంది, చాలాచోట్ల నేరం కూడా.

ఇక నంబర్లు చదవడం. 17 అక్షరాల వీఐఎన్ (బండి గుర్తింపు నంబర్) పద్ధతి అమెరికాలో 1981 మోడళ్లతో మొదలైంది, అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు. అంతకు ముందు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. కాబట్టి 1960ల నాటిదని చెప్పే కారుకి 17 అక్షరాల ప్లేటు ఉంటే అది తర్వాత పెట్టిందన్నమాట, ఎవరు, ఎందుకు పెట్టారో అడగండి. మోసమే కానక్కర్లేదు. ఫోర్డ్ మోడల్ టీ లాంటి బండ్లకి ఇంజిన్ నంబరే బండి నంబర్, అందుకే ఇంజిన్ మార్చిన కార్లలో కాగితానికీ ఇనుముకీ పొంతన కుదరదు.

పోత పోసిన భాగాల మీద తేదీలు బాగా పనికొస్తాయి. 1950లు, 60ల నాటి జనరల్ మోటార్స్ ఇంజిన్ బ్లాకుల మీద నెలకొక అక్షరం ఉంటుంది, ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబర్, తర్వాత రోజు, చివర సంవత్సరం. చిక్కేంటంటే చాలాసార్లు సంవత్సరానికి ఒక్క అంకే ఉంటుంది, 7 అంటే 1957 కావచ్చు, 1967 కావచ్చు. బ్లాకు తేదీ కారు తయారైన తేదీకి కొంచెం ముందుంటే సరే, తర్వాత ఉంటే మాత్రం అది ఆ కారుతో పుట్టిన ఇంజిన్ కాదు, ఇక వాదన అక్కర్లేదు. అద్దాల మీది గుర్తులు, దీపాల మీది అంకెలు కూడా రాసుకోండి.

ఇవన్నీ రాసుకునే నోటు పుస్తకంలో ఒక్కో భాగానికి ఒక్కో వరుస పెట్టండి: ఎక్కడుంది, ఏ నంబర్, ఏ ఫొటో, చివర్లో ‘ఖాయం, బహుశా, తెలియదు’ అని ఒక గడి. నా దృష్టిలో ఆ ఆఖరి గడే అసలైనది. ‘బహుశా’ని ‘ఖాయం’ అని దిద్దాలనే ఆశ అందరికీ ఉంటుంది, అమ్మకం మాట వచ్చేసరికి ఇంకా పెరుగుతుంది.

ఇక బండి స్టార్ట్ చేసే ముందు చూసుకోవాల్సినవి. వేరే బండి చక్రాలు ఎక్కించి ఉంటే బోల్టుల వలయం (బోల్టులన్నీ కూర్చునే గుండ్రటి గీత) అడ్డకొలత కొలవండి, 120 మిల్లీమీటర్లదీ 120.65దీ కంటికి ఒకటే, నట్టు కూడా ఎక్కేస్తుంది, కానీ చక్రం సరిగా కూర్చోదు. అర అంగుళం విట్‌వర్త్ (పాత బ్రిటిష్ మర కొలత) బోల్టుకి అంగుళానికి 12 మరలు, యూఎన్‌సీ అనే అమెరికన్ మర కొలతకి 13, బలవంతంగా బిగించారంటే మర తెగుతుంది. డ్రమ్ బ్రేకుల మాస్టర్ సిలిండర్‌ని డిస్కులకి తగిలించి ఉంటే లోపల మిగిలే ఒత్తిడితో ప్యాడ్లు రాసుకుంటూ వేడెక్కొచ్చు. సిట్రోయెన్ డీఎస్ భాగాలుంటే ఇంకా జాగ్రత్త, తొలి వాటికి ఎర్ర ద్రవం, తర్వాతి వాటికి ఎల్‌హెచ్‌ఎం అనే ఆకుపచ్చ హైడ్రాలిక్ నూనె, ఒకదాన్లో ఇంకోటి పోస్తే రబ్బరు సీళ్లు పాడవుతాయి. బ్యాటరీ కలిపే ముందు 6 వోల్టులా 12 వోల్టులా, ఎర్త్ (బాడీకి కలిపే బ్యాటరీ కొస) పాజిటివా నెగటివా చూడండి, పాత బ్రిటిష్ కార్లు చాలావరకు పాజిటివ్ ఎర్త్. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, తడిపి తుడవండి. పెట్రోల్ ట్యాంకు ఖాళీగా ఉన్నా లోపల ఆవిరి ఉంటుంది, దగ్గర్లో వెల్డింగ్ వద్దు. జాక్ మీదే వదిలేసి కింద దూరొద్దు, స్టాండ్లు పెట్టండి.

కంపెనీ రికార్డుల సర్టిఫికెట్ దొరికితే సంబరమే, కాకపోతే అది ఫ్యాక్టరీ నుంచి ఏం బయటికి వచ్చిందో మాత్రమే చెబుతుంది, మీ ముందున్నది అదేనని చెప్పదు. రిజిస్ట్రేషన్ అధికారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం, ఫొటోలు రెండూ పట్టుకెళ్లండి. ఊడదీసిన పనికిరాని ముక్కలు సైతం చీటీ కట్టి పక్కన పెట్టండి, కాగితాల పని పూర్తయ్యే దాకా ఒక్కటి కూడా తుక్కువాడికి ఇవ్వొద్దు.