పంచాయతీ బాగోతం బయటపెట్టే ముందు

వేయని సీసీ రోడ్డుకి బిల్లు లేపారని తెలిసిందా? కోపంలో వాట్సాప్ గ్రూపులో పెట్టేయకండి.

ముందు కాగితం సంపాదించండి. సమాచార హక్కు చట్టం కింద ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లు, ఓచర్ల నకళ్లు అడగొచ్చు. గ్రామస్థాయిలో దరఖాస్తు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు. జవాబుకి గడువు 30 రోజులు. వాటి జిరాక్స్ ఊళ్లో తీయించకండి, షాపతను సర్పంచి బామ్మర్దే కావచ్చు!

మీరు ఆ ఆఫీసు ఉద్యోగే అయితే ఒరిజినల్ ఫైలు ఇంటికి తేవద్దు. దొంగతనం కేసు మీమీదే పడుతుంది. ఫైలు నంబరు, తేదీ రాసుకోండి చాలు.

ఫిర్యాదు చేస్తే మీ పేరు దాస్తారని గుడ్డిగా నమ్మొద్దు. హైవే పనుల్లో అక్రమాలపై ప్రధానికి లేఖ రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే, పేరు గోప్యంగా ఉంచమన్నారు. ఉంచలేదు. 2003లో గయలో ఆయన్ని కాల్చి చంపారు. దోపిడీ హత్యేనని కోర్టు తేల్చింది గానీ, పేరు బయటపడిన మాట నిజం. 2014లో విజిల్‌బ్లోయర్ల (అక్రమాలు బయటపెట్టేవాళ్ల) రక్షణ చట్టమైతే చేశారు, అమల్లోకి తేలేదు.

లంచం అడిగితే ఇవ్వకముందే ఏసీబీకి, 1064కి ఫోన్ చేయండి. బలవంతంగా ఇవ్వాల్సొస్తే 7 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. లేదంటే ఇచ్చినవాళ్లదీ నేరమే.

ఇంట్లో ఒక్కరికైనా చెప్పి ఉంచండి.