ఎండలు ముదరకముందే అక్వేరియంకు యూవీ లైటు: బిగించేటప్పుడు జాగ్రత్తలు

తిరుపతిలో మార్చి దాటితే కిటికీ పక్కనున్న అక్వేరియం వారం తిరిగేలోపే పచ్చబడిపోతుంది. లోపల చేప ఉందో లేదో కూడా తెలియదు. అప్పుడు కంగారుగా యూవీ స్టెరిలైజర్ (నీళ్లలో తేలే పాచిని అతినీలలోహిత, అంటే యూవీ, కిరణాలతో చంపే పరికరం) తెచ్చి బిగించేకంటే, ఇప్పుడే నిదానంగా పెట్టుకోండి.

అన్నిటికంటే ముందు కళ్లు. అందులోని దీపం 254 నానోమీటర్ల యూవీ-సీ కిరణాలనిస్తుంది. చూడ్డానికి లేత నీలంగా, చల్లగా ఉంటుంది. పోయినేడు నేను వెలుగుతోందో లేదో చూద్దామని మూత తీసి కాసేపు అలాగే చూశాను. అప్పటికేమీ కాలేదు. రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట, ఆగకుండా నీళ్లు. తెల్లారగానే కళ్ల డాక్టరు దగ్గరికి పోవాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నాను, మూత విప్పేముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయండి. పిల్లలున్న ఇంట్లో ఇది ఇంకా గట్టిగా పాటించాలి.

వైరును సాకెట్టు కంటే కిందికి వేలాడదీసి మళ్లీ పైకి తీసుకెళ్లండి. తడి వైరు వెంట జారినా ఆ వంపు దగ్గరే కిందపడుతుంది, సాకెట్టులోకి పోదు. ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాల్సిందే. పంపు, దీపం ఒకే బోర్డు మీద పెట్టండి. కరెంటు పోయినప్పుడు పంపు ఆగిపోయి, దీపం మాత్రం ఇన్వర్టరు మీద వెలుగుతూ ఉంటే, కదలని నీళ్లు లోపలే వేడెక్కుతాయి.

ఫిల్టరు స్పాంజి దాటాకే నీళ్లు యూవీలోకి రావాలి, మురికి నీళ్లలో కిరణాలు దూరం పోవు. ధార కూడా నెమ్మదిగా ఉండాలి. గంటకు ఎన్ని లీటర్లో పెట్టె మీద రాసి ఉంటుంది, అంతకు మించనివ్వకండి. తొట్టికి తగిలించేముందు బకెట్లో ఓ గంట నడిపి, రబ్బరు వాషర్ల దగ్గర కారుతుందేమో చూడండి.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంకో తిప్పలుంది. గీజరులో పట్టే తెల్ల గారే దీపం చుట్టూ ఉండే క్వార్ట్జ్ గొట్టానికీ పడుతుంది. గార పట్టాక దీపం వెలుగుతున్నా కిరణాలు నీళ్లకు అందవు. రెండు నెలలకోసారి గొట్టాన్ని వెనిగరుతోనో నిమ్మరసంతోనో మెత్తటి గుడ్డ పెట్టి తుడిచి, మంచినీళ్లతో కడగండి.

అద్దానికి అంటుకున్న పాచిని, చేప ఒంటి మీది తెల్లమచ్చలను యూవీ పోగొట్టదు. నీళ్లలో తేలే వాటినే చంపుతుంది. మందు వేసిన రోజుల్లో ఆపేయండి, చాలా మందులు ఆ కిరణాలకు విరిగిపోతాయి.

సుమారు 8,000 గంటలకు, అంటే రోజంతా వెలిగిస్తే ఏడాదిలోపే, దీపం బలం తగ్గుతుంది. పాతది చెత్తబుట్టలో వేయకండి, లోపల పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి పావుగంట గది బయట ఉండండి. తర్వాత చీపురుతో ఊడ్చకుండా, ముక్కలను అట్టముక్కతో ఎత్తి మూతున్న డబ్బాలో వేయండి.