అమ్మ పోయాక నన్ను నిద్రపుచ్చిన భ్రామరి

అమ్మ పోయాక రాత్రిళ్లు గుండెదడ. తెల్లవారుజామునే మెలకువ. ఏ పనిమీదా మనసు నిలిచేది కాదు. సైకియాట్రిస్టు మందులు రాసి, వాటితోపాటు ప్రాణాయామం కూడా చేయమన్నారు. నాకు బాగా పనిచేసింది భ్రామరి, అంటే తుమ్మెదలా శబ్దం చేస్తూ ఊపిరి వదిలే ప్రాణాయామం.

పడుకునే ముందు గోడకు ఆనుకుని కూర్చుంటాను. చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపెను వేలితో మెల్లగా నొక్కి, ముక్కుతో గాలి పీల్చి, పెదాలు మూసి తుమ్మెదలా ‘మ్‌మ్‌’ అంటూ నెమ్మదిగా వదులుతాను. దవడ బిగించకూడదు. పళ్ల మధ్య కాస్త సందు ఉంటేనే ఆ అదురు తలంతా తెలుస్తుంది. పీల్చేదానికన్నా వదిలేది ఎక్కువసేపు సాగాలి, అసలు కిటుకు అదే. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ అనే నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది.

తర్వాత శవాసనం. మొదట్లో పడుకోగానే ఏడుపు తన్నుకొచ్చేది. ఆపుకోలేదు, రానిచ్చాను. కళ్లు మూస్తే భయమేసేవాళ్లు తెరిచే చేయొచ్చు. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగంగా ఊపిరి తీసి వదిలే ప్రాణాయామాలు మాత్రం ఆందోళనలో వద్దంటాను, నాకు దడ పెంచాయి.

మందులు డాక్టరు చెప్పాకే తగ్గించాను. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే ఆసనాలతో కాలయాపన చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు వెంటనే ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.