నంబరుకో బిట్టు చాలు

కోడింగ్ ఇంటర్వ్యూలో "1 నుంచి 32,000 దాకా నంబర్లున్న అర్రే (వరసగా పేర్చిన జాబితా) ఇస్తాం, మళ్లీ వచ్చినవి ప్రింట్ చేయాలి, మెమరీ మాత్రం 4 కేబీయే" అనగానే టెన్షన్‌లో చెయ్యి హాష్‌సెట్ (చూసిన విలువలను దాచుకుని, మళ్లీ వచ్చిందో లేదో చెప్పేది) మీదికే పోతుంది. జావాలో అది ఒక్కో నంబరుకు సుమారు 50 బైట్లు తినేస్తుంది. బూలియన్ అర్రే (అవును/కాదు విలువలది) పెట్టినా నంబరుకో బైటు, అంటే 32,000 బైట్లు. అదీ పట్టదు.

1,000 ఇంట్‌ల (4 బైట్ల పూర్ణసంఖ్యల) అర్రే తీసుకోండి, 4,000 బైట్లే. ఒక్కో ఇంట్‌లో 32 బిట్లు (0 లేదా 1 పట్టే గడులు) కాబట్టి నంబరుకో బిట్టు చొప్పున నంబర్లన్నీ సరిగ్గా సరిపోతాయి. ముందు నంబరులోంచి 1 తీసేయండి. మిగిలినదాన్ని 32తో భాగిస్తే భాగఫలం ఆ ఇంట్ ఇండెక్స్ (0 నుంచి లెక్కించే స్థానం) చెబుతుంది, శేషం అందులో ఏ బిట్టో చెబుతుంది. 70 వచ్చిందనుకోండి, 69 అవుతుంది. ఇండెక్స్ 2, బిట్టు 5. ఆ బిట్టు అప్పటికే 1 అయి ఉంటే డూప్లికేట్, ప్రింట్ చేయండి. 0 అయితే 1 చేసి ముందుకెళ్లండి.

ఆ 1 తీసేయడం మరిచిపోతే 32,000 వచ్చినప్పుడు ఇండెక్స్ 1,000కి వెళ్లి అర్రే దాటిపోతుంది. అందుకే కోడ్ రాశాక ఆ నంబరుతోనే ఒకసారి నడిపి చూపించండి. మూడుసార్లు వచ్చిన నంబరు రెండుసార్లు ప్రింట్ అవుతుంది, అది పర్వాలేదా అని ముందే అడిగేయడం మంచిది.

రేంజ్ పెద్దదై నంబర్లు కొన్నే ఉంటే మాత్రం ఇది వద్దు. పది అంకెల ఫోన్ నంబర్లకైతే బిట్లకే 1.25 జీబీ కావాలి. వాటిలో వెయ్యి నంబర్లే చూడాలంటే హాష్‌సెట్టే నయం.