చలికాలం సైక్లింగ్: ఎదురుగాలి వెళ్ళేటప్పుడే ఉండాలి

సెలవులొస్తే మా ఆవిడకీ నాకూ ఇంట్లో కాలు నిలవదు, చలి ఎంతున్నా రోడ్డు సైకిళ్ళు బయటికి తీస్తాం. తిప్పలు పడ్డాక తెలిసిన సంగతి ఒకటి చెప్తాను: బయల్దేరే ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకుని, వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోసేలా దారి పెట్టుకోండి. అది తారుమారైతే చెమటతో తడిసిన బనీను మీద తిరుగు దారంతా ఎదురుగాలి కొట్టి పళ్ళు టకటకలాడతాయి. ఒకసారి అలాగే అయింది, ఇంటికొచ్చాక మా ఆవిడ వేళ్ళు కొంకర్లు పోయి హెల్మెట్ బకిల్ కూడా తీసుకోలేకపోయింది, నేనే తీశాను (నా వేళ్ళూ అంతంతమాత్రమే).

ఇంకోటి. దారంతా ఒకరే ముందుండి గాలికి అడ్డుగా పోవద్దు. వెనకున్న మనిషికి శ్రమ తక్కువ, ఒళ్ళు వేడెక్కదు, మొదట వణికేది వాళ్ళే. ఐదారు నిమిషాలకోసారి మారండి.

గుమ్మం దాటగానే కాస్త చలేస్తేనే బట్టలు సరిపోయినట్టు, తొక్కుతుంటే ఒళ్ళు ఎలాగూ వేడెక్కుతుంది.

టైర్లలో గాలి 20 డిగ్రీల గదిలో 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొడితే, బయట 0 డిగ్రీల్లో అది 92 దాకా పడిపోతుంది. టెన్షన్ పడకండి, తడి రోడ్డు మీద టైరు కాస్త మెత్తగా ఉంటేనే పట్టు. వంతెనలూ, ఎండ తగలని మలుపులూ మాత్రం జాగ్రత్త, మంచు ముందు గడ్డకట్టేది అక్కడే, బ్రేకు పని మలుపుకి ముందే కానిచ్చేయండి.