తుంటి గిన్నె విరిగాక మొదటి మూడు నెలలు: కాలి మీద బరువు, కదలిక, జాగ్రత్తలు

తుంటి విరిగిందనగానే ఎక్కువమంది తొడ ఎముక పైభాగం విరిగిందనుకుంటారు. దానికి ఆపరేషన్ చేస్తే చాలాసార్లు మర్నాడే నిలబెట్టి నడిపిస్తారు. తుంటి గిన్నె సంగతి వేరు. తొడ ఎముక తల తిరిగే ఆ గిన్నె లోపల నున్నటి మృదులాస్థి ఉంటుంది. విరిగిన ముక్కల్ని ప్లేట్లు, స్క్రూలతో సరిగ్గా అమర్చినా, ఎముక అతుక్కునేలోపు బరువు పడితే ముక్క జరగొచ్చు. రెండు మిల్లీమీటర్ల మెట్టు ఏర్పడినా కీలు అరుగుదలకు దారి తీయొచ్చు. అందుకే వేరొకరు ఎన్నాళ్లకు నడిచారన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇంటికి వెళ్లేముందు సర్జన్‌ని ఐదు విషయాలు అడిగి కాగితం మీద రాయించుకోండి: కాలి మీద ఎన్ని కిలోలు, ఎన్ని వారాలు, తుంటి ఎంతవరకు వంచవచ్చు, ఏ కదలిక అసలు కూడదు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఏ తేదీ వరకు. గిన్నెలో వెనక గోడ విరిగిందా, ముందు భాగమా అన్నదాన్ని బట్టి జవాబులు మారతాయి. కింద చెప్పినదానికీ మీ సర్జన్ మాటకూ తేడా వస్తే సర్జన్ మాటే పాటించండి.

బరువు

సాధారణంగా 6 నుంచి 12 వారాలు పాదం నేలకు తాకించడం వరకే అనుమతి, అంటే సుమారు 10–15 కిలోలు. ఇది అందాజాగా తెలియదు, నేర్చుకోవాలి. బరువు చూసుకునే మిషన్‌ని దెబ్బతిన్న కాలి కింద పెట్టండి. రెండో కాలి కింద అంతే ఎత్తున్న గట్టి, జారని చెక్క ఉండాలి. పక్కన ఒకరు నిలబడగా వాకర్ పట్టుకుని, మిషన్ మీద మీ అంకె వచ్చేదాకా మెల్లగా నొక్కండి. ఆ ఒత్తిడి కాలికి గుర్తుండేదాకా రోజూ చేయండి. తర్వాత అంకె చూడకుండా నొక్కి, ఎంత వచ్చిందో చూసుకోండి.

కాలిని పూర్తిగా గాల్లో ఎత్తిపట్టుకుని గెంతుతూ నడవడం మరింత క్షేమమనిపిస్తుంది. నిజానికి కాదు. కాలిని అలా ఆపడానికి తుంటి చుట్టూ కండరాలు బిగుసుకుని తొడ ఎముక తలను గిన్నెలోకి నొక్కుతాయి. పాదాన్ని నేల మీద తేలిగ్గా ఆనిస్తేనే కీలు మీద ఒత్తిడి తక్కువ. వెల్లకిలా పడుకుని కాలు చాపి పైకెత్తే వ్యాయామం తొలి వారాల్లో చాలాచోట్ల వద్దనేది కూడా ఇందుకే.

నడిచేటప్పుడు ముందు వాకర్, తర్వాత దెబ్బతిన్న కాలు, ఆపైన చేతుల మీద బరువు మోపి మంచి కాలు. తిరగాలంటే చిన్న చిన్న అడుగులు వేయాలి, ఆ కాలి మీద గిరుక్కున తిరగకూడదు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు కర్రలు, దెబ్బతిన్న కాలు ముందు. చంకకర్రల పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. చంకలో ఆనితే అక్కడి నరాలు నలిగి చెయ్యి తిమ్మిరెక్కుతుంది.

కూర్చోవడం, పడుకోవడం

వెనక గోడ విరిగినవాళ్లకు సాధారణంగా తుంటి 90 డిగ్రీలు దాటి వంగకూడదు. చేతులున్న ఎత్తు కుర్చీ, ఎత్తు పెంచిన టాయిలెట్ సీటు వాడండి. మోకాలు తుంటికంటే పైకి రాకూడదు. కూర్చునేముందు దెబ్బతిన్న కాలు ముందుకు చాపండి. కాలు మీద కాలు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం, పాదాన్ని లోపలికి తిప్పడం వద్దు. చాలామంది పొరపాటు చేసేది కుర్చీలో కూర్చుని కింద పడినదాన్ని అందుకోబోయినప్పుడు. పొడవు పిడి ఉన్న పట్టుకర్ర దగ్గర పెట్టుకోండి. పక్కకు పడుకోనిస్తే మోకాళ్ల మధ్య దిండు ఉండాలి.

కదలిక

బరువు వద్దంటే మంచానికే పరిమితం కమ్మని కాదు. కదలకపోతే కీలు బిగుసుకుంటుంది, కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పాదాలను 10–20 సార్లు పైకీ కిందికీ ఆడించండి. తొడ ముందు కండరాన్ని, పిర్రలను 5 సెకన్ల చొప్పున పదేసి సార్లు బిగించి వదలండి. అనుమతించిన హద్దులోపల మడమను పరుపు మీద జారుస్తూ మోకాలు వంచండి.

పాదం పైకి లేవకుండా వేలాడుతుంటే సయాటిక్ నరం (తుంటి వెనకనుంచి కాలికి వెళ్లే పెద్ద నరం) దెబ్బతిని ఉండొచ్చు. వెంటనే చెప్పాలి. కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పట్టొచ్చు. ఈలోగా పిక్క కండరం కురచబడకుండా పాదానికి స్ప్లింట్ (పాదాన్ని వేలాడకుండా పట్టి ఉంచే పట్టీ) వేసి, రోజూ సాగదీయాలి.

పిక్క ఉబ్బి నొప్పి పుడితే అదేరోజు చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి, గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు. గాయం నుంచి చీము, జ్వరం, లేదా కాలు హఠాత్తుగా కురచబడి పక్కకు తిరగడం కూడా ఆగాల్సినవి కావు.

బరువు పెంచేటప్పుడు

ఆరో వారానికల్లా నొప్పి బాగా తగ్గుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే. నొప్పి తగ్గడం ఎముక అతికిందనడానికి గుర్తు కాదు, ఎక్స్‌రే చూసి సర్జన్ చెప్పాలి. ఆయన సరేనన్నాక మళ్లీ అదే మిషన్ తీయండి. 70 కిలోల మనిషైతే 15 నుంచి మొదలుపెట్టి, వారానికి సుమారు పది కిలోల చొప్పున పెంచడం ఒక పద్ధతి. ఏ దశలోనైనా గజ్జల్లో నొప్పి వచ్చి మర్నాటికీ తగ్గకపోతే వెనకటి అంకెకు వెళ్లండి, ఫిజియోథెరపిస్ట్‌కు చెప్పండి.

ఒక్క కర్రకు మారాక దాన్ని మంచి కాలి వైపు చేతిలోనే పట్టుకోవాలి. దెబ్బతిన్న వైపు పట్టుకుంటే కీలు మీద భారం అంతగా తగ్గదు. నడకలో నడుము ఒక పక్కకు ఒరుగుతుంటే తుంటి పక్క కండరం ఇంకా బలహీనంగా ఉన్నట్టే. అనుమతి వచ్చాక పక్కకు పడుకుని కాలు పైకెత్తడం, వెల్లకిలా మోకాళ్లు వంచి నడుము ఎత్తడం చేయండి. ఒరగడం పోయేదాకా కర్ర వదలొద్దు.

బాగా నడుస్తున్నా ఏడాదికి, రెండేళ్లకు తీయించమన్న ఎక్స్‌రేలు మానకండి. తొడ ఎముక తలకు రక్తం అందక అది కుంగడం, కీలు అరగడం ఆలస్యంగా బయటపడతాయి. కొత్తగా మొదలై తగ్గని గజ్జల నొప్పి వాటికి తొలి గుర్తు కావచ్చు.